ఊచల ఫ్యాక్టరీ తెరిచిన ఏడాది

ఆ ఏడాది వానలు పడకముందే మా ఇంట్లో గొడుగుల మీద గొడవ మొదలైంది. మొదలుపెట్టింది బావగారు. పెంచింది నేను. మధ్యలో నలిగింది మా ఆయన.

మాది గొడుగులు కుట్టే షెడ్డు. ఇంటి వెనక రేకుల కప్పు కింద కుట్టు మిషన్లు, గుడ్డ కోసే పొడవాటి బల్ల, గోడ పొడుగునా మేకులకు వేలాడే గొడుగు ఫ్రేములు. గుడ్డ మేమే కొని, ముక్కలుగా కోసి, కలిపి కుట్టి, ఊచల చివర్లకు టాకాలు వేసి గొడుగు చేస్తాం. ఊచలూ కాడా కలిసిన ఫ్రేము మాత్రం బయటి దేశం నుంచి ఓడ మీద రావాలి.

ఒకప్పుడు ఆ ఫ్రేములు మా ఊళ్ళోనే తయారయ్యేవి. రైలు గేటు అవతల ఊచల ఫ్యాక్టరీ ఉండేది. మా ఆయనకు అన్నగారు, అంటే మా బావగారు, అక్కడ ఊచలు వంచే మిషను మీద పనిచేసేవారు. బయటి సరుకు చవగ్గా వచ్చి పడేసరికి ఆ ఫ్యాక్టరీ మూతబడింది. అప్పటి నుంచి ఆయనకు కుదురైన పని దొరకలేదు. ముందు గదుల్లో వాళ్ళు, వెనక గదుల్లో మేము. వంట మాత్రం ఒక్కటే. ఆయన పని ఊడగొట్టిన సరుకే మాకు పని ఇచ్చింది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనేవాళ్ళు కాదు.

ఆ వేసవిలో బయటి సరుకు మీద సుంకం పెంచాలా వద్దా అని జనాన్ని అడగడానికి ఒక కమిటీ మా ఊరికి వస్తోందని తెలిసింది. పాత ఫ్యాక్టరీ కార్మికుల తరఫున మాట్లాడేది బావగారే. అన్నానికి కూర్చున్నప్పుడు ఆయన తలెత్తకుండానే అడిగారు.

"ఏరా, మీ గొడుగుల షెడ్ల తరఫున ఎవరు మాట్లాడతారు?"

మా ఆయన నీళ్ళు నమిలాడు. నలుగురిలో నోరు విప్పాలంటే ఆయనకు చెమటలు పడతాయి.

"నేను మాట్లాడతా బావగారూ" అన్నాను.

వడ్డిస్తున్న అక్కయ్య చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అక్కయ్య అంటే బావగారి భార్య, నా తోడికోడలు. ఆయన మాత్రం నవ్వారు.

"మంచిది. గట్టిగా మాట్లాడు. మైకు చూసి మాట మింగెయ్యకు."

ఆ రోజు టౌన్ హాల్లో పైన ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి ఆడలేదు. వేదిక మీద కమిటీ వాళ్ళు, కింద ఒక పక్క పాత ఫ్యాక్టరీ వాళ్ళు, ఇంకో పక్క మా షెడ్ల వాళ్ళు. మా ఆయన నా వెనక కూర్చుని నా కుర్చీ అంచు పట్టుకున్నాడు.

బావగారు కాగితం లేకుండా మాట్లాడారు.

"అయ్యా, నా చేతులు చూడండి. ఇవి పనికి వెళ్ళక మెత్తబడిపోయాయి. ఊచ ఎంత వంచితే గాలికి తిరగబడకుండా నిలబడుతుందో ఈ చేతులకి తెలుసు. నా తర్వాత ఎవరికీ తెలియదు, ఎందుకంటే నేర్చుకోవడానికి ఎవరూ రాలేదు. చవగ్గా దొరుకుతోందని అన్నీ బయటి నుంచే తెచ్చుకుంటే, చివరికి అద్దంలో చేతకానివాళ్ళని చూసుకోవడమే మనకి మిగులుతుంది. సుంకం వెయ్యండి. ఫ్యాక్టరీ తెరిపించండి. మా పిల్లలు పని చేసుకు బతుకుతారు."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. నా కళ్ళు కూడా చెమర్చాయి. ఆ తడి తుడుచుకునే లేచాను.

"ఫ్యాక్టరీ తెరవాలనే నేనూ అంటున్నాను. కానీ ముందు తెరవండి, తర్వాత సుంకం వెయ్యండి. ఇవాళ మీరు సుంకం వేస్తే రేపు మా షెడ్డుకి ఫ్రేము రాదు. ఫ్రేము లేకపోతే గుడ్డని దేని మీద కుట్టమంటారు? మా దగ్గర కుట్టే ఆడవాళ్ళకి ఈ పనే ఆధారం. ఫ్యాక్టరీ నిలదొక్కుకునేదాకా వాళ్ళేం తిని బతకాలి?"

వేదిక మీద ఒకాయన కళ్ళజోడు సర్దుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఇందాకటి ఆయనదీ మీదీ ఒకే ఇంటిపేరు. బంధువులా?"

"ఒకే ఇల్లు సార్" అన్నాను. "ఒకే వంట."

హాలంతా గొల్లున నవ్వింది. బావగారు కూడా నవ్వారు. ఇంటికి వచ్చేటప్పుడు ముగ్గురం కలిసే నడిచాం. "నీ మాటలో పస ఉందమ్మా" అన్నారు ఆయన. "కానీ నువ్వు గెలవకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నా. ఏమీ అనుకోకు."

ఆయన మొక్కు ఫలించింది. బయటి నుంచి వచ్చే గొడుగుల మీద, ఫ్రేముల మీద సుంకం ఒక్కసారిగా పెంచేశారు. మాకు సరుకు పంపే ఏజెంటు ఫోన్ చేసి, ఫ్రేముల ధర ఇంచుమించు రెట్టింపు అయిందనీ, కావాలంటే పంపుతాననీ, వద్దంటే తనేమీ అనుకోననీ చెప్పాడు. ఆ ధరకు కొని కుడితే మా గొడుగు కొనేవాడుండడు.

అదే వారంలో రైలు గేటు అవతల ఫ్యాక్టరీని ఎవరో కొత్త యజమాని కొన్నాడని తెలిసింది. ముందుగా కబురు వచ్చింది మా బావగారికే. కమిటీ ముందు ఆయన మాట్లాడిన తీరు యజమాని టీవీలో చూశాడట. మొదటిరోజు ఆయన పెట్టెలోంచి పాత ఫ్యాక్టరీ నాటి నీలం చొక్కా తీసి వేసుకున్నారు. అది ఇప్పుడు ఆయనకు వదులు. వీధిలో వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి మరీ చూశారు. అక్కయ్య ఆయన వెళ్ళినవైపే చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేను చూడటం అదే మొదలు. మా షెడ్డు ఏమైపోతుందోనన్న బెంగ ఒకవైపు, ఆవిడను చూసి సంతోషం ఒకవైపు. ఏది ఎక్కువో నాకే తెలియలేదు.

షెడ్డులో మిగిలిన ఫ్రేములు చకచకా అయిపోతున్నాయి. గోడ మీద మేకులు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. గుడ్డ కోసే పెద్దావిడను అందరం కత్తెర పిన్ని అనేవాళ్ళం. షెడ్డు పెట్టిననాటి నుంచీ ఆవిడ మాతోనే ఉంది. ఆవిడే ఒకరోజు కత్తెర కింద పెట్టి అడిగేసింది.

"ఏమ్మా, గుడ్డ కొయ్యమంటావా ఆపమంటావా? కోసిన ముక్కలు గుట్టపడిపోతున్నాయి. వీటితో ఏం చేస్తాం, మసిగుడ్డలా?"

ఆ మధ్యాహ్నం మా ఆయన తన జీవితంలో మొదటిసారి అన్నగారి ముందుకు వెళ్ళి ఒకటి అడిగాడు. చిన్నప్పటి నుంచీ అన్న ఇచ్చింది తీసుకోవడమే గానీ అడిగి ఎరగడు.

"అన్నయ్యా, మీ ఫ్యాక్టరీలో మొదట తయారయ్యే ఫ్రేములు మాకు ఇప్పిస్తావా? వానలు పడేలోపు వస్తే చాలు. ఈ సీజను గట్టెక్కితే తర్వాత ఎలాగో చూసుకుంటాను."

బావగారు చొక్కా గుండీ పట్టుకుని తిప్పారు. ఆయన ఆలోచిస్తున్నారనుకున్నాను.

"ఇప్పిస్తాన్రా" అన్నారు. "మిషన్లు సర్దుతున్నారు. పైవారం మొదలవుతుంది."

మా ఆయన ఆ మాట పట్టుకుని షెడ్డులోకి పరుగెత్తుకొచ్చినంత పని చేశాడు. "పిన్నీ, కోసెయ్" అన్నాడు. "గుట్టలు పడనీ."

పక్కవీధిలో గొడుగుల షెడ్డు ఉన్న ఇంకొకాయన వచ్చి, అందరం కలిసి ఆ ఎక్కువ ధరకే కొన్ని ఫ్రేములు తెప్పించుకుందామనీ, లాభం లేకపోయినా మన దగ్గర కొనే దుకాణాలు చెయ్యిజారిపోకుండా ఉంటాయనీ అన్నాడు. మా ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "మా అన్నయ్య మాటిచ్చాడు. నేను ఆగుతా." వచ్చినాయన వెళ్ళిపోయాడు. మమ్మల్ని వదిలేసి మిగతావాళ్ళు కలిసి తెప్పించుకున్నారు.

పైవారం వచ్చింది. "కరెంటు లైను వెయ్యాలట" అన్నారు బావగారు. ఆ పైవారం "ఊచల అచ్చులు రావాలట" అన్నారు. ఆ తర్వాత "ఉక్కు తీగ దారిలో ఉందట". ప్రతిసారీ మా ఆయన "అలాగే అన్నయ్యా" అనేవాడు. షెడ్డుకు వచ్చిన ఆడవాళ్ళు కుట్టడానికి ఏమీ లేక ఊరికే కూర్చోలేక మిషన్లు తుడిచేవాళ్ళు. తుడిచినవే మళ్ళీ తుడిచేవాళ్ళు. మా ఆయన వీధులంట తిరిగి, విరిగిన పాత గొడుగులు అడిగి తెచ్చి, వాటి ఊచలు ఊడదీసి, మూడు పాతవాటిలోంచి ఒక కొత్తది చేసేవాడు. వేళ్ళన్నీ కోసుకుపోయేవి. రాత్రీ పగలూ అదే ధ్యాస. అన్నం కలుపుకుంటే ఆ గాట్లు మండి ముఖం ముడుచుకునేవాడు గానీ పైకి ఏమీ అనేవాడు కాదు.

వానలు ఆ ఏడాది తొందరగా వచ్చేశాయి. షెడ్డు రేకుల మీద మొదటి జల్లు పడగానే ప్రతి ఏడూ అందరం కేకలు వేసేవాళ్ళం. అది మాకు పండగ. ఆసారి ఎవరూ తలెత్తలేదు. వెంటనే ఫోన్లు మొదలయ్యాయి. దుకాణాల వాళ్ళు మొదట బతిమాలారు, తర్వాత తిట్టారు, ఆ తర్వాత ఫోన్ చెయ్యడం మానేశారు. తిట్టినప్పుడే నయం అనిపించింది.

జల్లు తెరిపి ఇచ్చిన ఒక పొద్దున నేనూ అక్కయ్యా పెరట్లో బట్టలు ఆరేస్తున్నాం. బావగారి నీలం చొక్కా నా చేతికి వచ్చింది. దులిపి తాడు మీద వేస్తూ దాన్ని చూశాను. ఆయన పాత రోజుల్లో పనికి వెళ్ళేటప్పుడు అక్కయ్య ఆ చొక్కాలు వేడినీళ్ళలో నానబెట్టి, బ్రష్షు పెట్టి రుద్ది, అయినా నూనె మరకలు పోవడం లేదని శాపనార్థాలు పెట్టేదట. ఇప్పుడు ఆ చొక్కా చేతుల దగ్గర కూడా కొత్త మరక ఒక్కటీ లేదు.

"అక్కయ్యా, దీనికి కొత్తగా నూనె మరకలేవీ లేవే?"

ఆవిడ నా చేతిలోంచి చొక్కా తీసుకుని తనే సరిచేసి వేసింది.

"పైన వేసుకోవడానికి ఏదో ఇచ్చార్ట" అంది. నా వైపు చూడలేదు. ఖాళీ బకెట్టు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను చెప్పులు వేసుకుని రైలు గేటు వైపు నడిచాను.

ఫ్యాక్టరీ గేటుకు కొత్త రంగు వేశారు. కాపలావాడు నన్ను ఆపి, ఎవరి తాలూకని అడిగి, బావగారి పేరు చెప్పగానే దారి ఇచ్చాడు. లోపల ఎంత హోరు ఉంటుందోనని ముందే చెవులు మూసుకోవడానికి సిద్ధపడి వెళ్ళాను. హోరు లేదు. రేడియోలో పాట వినిపిస్తోంది. మిషన్లు ఉండాల్సిన చోట నేల మీద బోల్టులు పీకేసిన గుంటలు, వాటిని పూడ్చిన సిమెంటు మచ్చలు. వరసగా బల్లలు. బల్లల మీద అట్టపెట్టెలు. ఆ పెట్టెల్లోంచి పూర్తిగా తయారైన గొడుగులు తీస్తున్నారు. గుడ్డ కుట్టి ఉంది, ఊచలున్నాయి, కాడ ఉంది. పిడి మాత్రం లేదు. పక్క డబ్బాలోంచి పిడి తీసి, కాడకు బిగించి, గుడ్డ అంచుకు 'మన దేశపు తయారీ' అని ఒక చీటీ అతికించి, ఇంకో పెట్టెలో పెడుతున్నారు.

పిడి లేకపోతే అది గొడుగు లెక్కలోకి రాదట. దానికి ఆ సుంకం వర్తించదట. పిడి ఎక్కడ బిగిస్తే అక్కడి సరుకేనట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి నాకు కనిపించింది ఒక్కటే. కిటికీ పక్క బల్ల దగ్గర, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో బావగారు పిడి బిగిస్తున్నారు.

ఆయన తలెత్తి నన్ను చూశారు. ఉలిక్కిపడలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూస్తున్నట్టే చూశారు.

"ఒక్క నిమిషం ఉండమ్మా" అన్నారు. "ఈ పెట్టె అయిపోతే వస్తా."

పెట్టె పూర్తిచేసే వచ్చారు. గేటు లోపల చూరు కింద నిలబడ్డాం. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి.

"ఎప్పుడు తెలిసింది బావగారూ?"

"వచ్చిన మొదటిరోజే. మిషన్లు ఏవని అడిగితే వస్తాయన్నాడు యజమాని. నమ్మాను. తర్వాత నమ్మినట్టు నటించాను."

"మా ఆయనకి చెప్పి ఉండాల్సింది. అన్నయ్య మాటిచ్చాడని చేతికందిన దారి కూడా వదులుకున్నాడు."

"వాడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నన్ను ఒకటి అడిగాడమ్మా. లేదనడానికి నోరు రాలేదు. వారంలో ఏదో ఒకటి జరుగుతుందిలే అనుకున్నా. ఆ వారం ఇంకో వారమైంది." కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. "అయినా ఆ మిషను నడిపినవాణ్ణి, నాకైనా తెలియొద్దూ? ఊచ కావాలంటే తీగ కావాలి. తీగని కాల్చే కొలిమి కావాలి. అచ్చులు చేసేవాడు కావాలి. ఆ అచ్చులు చేసినాయన పోయి ఎన్నేళ్ళయింది! సుంకం వేస్తే ఇవన్నీ వాటంతటవే లేచి వస్తాయా? ఆ రోజు హాల్లో నువ్వు చెప్పిందే నిజం. గెలిచావు."

"నేనెక్కడ గెలిచాను బావగారూ" అన్నాను. ఎంత కోపంతో వెళ్ళానో అంతా ఆ చూరు కిందే కారిపోయింది. దాని చోట ఏం మిగిలిందో చెప్పడానికి ఇప్పటికీ నాకు మాట దొరకదు.

ఇంట్లో నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ పూట అన్నం దగ్గర నా ముఖం, అన్నగారి ముఖం చూసి మా ఆయనే అడిగాడు.

"అన్నయ్యా, ఊచలు రావు కదూ?"

"రావురా."

"సరే."

అంతే. విస్తట్లో చెయ్యి కడిగేసుకుని షెడ్డులోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. ఆయన కోసి పెట్టిన గుడ్డముక్కల గుట్టలో ఒక్కొక్క ముక్కే తీసి, మడతపెట్టి, పక్కన పేరుస్తున్నాడు. కత్తెర పిన్ని అడ్డుపడబోయింది. "వదిలెయ్ పిన్నీ" అన్నాడు. "రేపట్నుంచి రావద్దు. ఎవరూ రావద్దు." అని, ఇంత పెద్ద మనిషి, ఆ గుడ్డల గుట్టలో ముఖం దాచుకున్నాడు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు. వంటింట్లో అక్కయ్య ఏడుస్తూ, "నాకు తెలుసే, చొక్కా చూసినప్పుడే తెలుసే" అని గోడకు చెప్పుకుంటోంది.

మా కుట్టు మిషన్లు కొనేవాళ్ళు వ్యాను తెచ్చుకున్న రోజు జోరుగా వాన. ఎక్కించడానికి మనుషులు చాలకపోతే బావగారు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చి సాయం పట్టారు. అన్నదమ్ములిద్దరూ మిషనుకు చెరోవైపు నిలబడి, "నీవైపు కాస్త ఎత్తరా", "మెట్టుంది చూసుకో అన్నయ్యా" అనుకుంటూ ఒక్కొక్కటీ మోశారు. చూసేవాళ్ళకు కొత్త ఇంట్లోకి సామాను చేరుస్తున్నట్టు ఉండి ఉంటుంది.

వ్యాను వెళ్ళాక తల తుడుచుకుంటూ బావగారు ఎవరితోనో అన్నట్టు అన్నారు.

"ఫ్యాక్టరీలో ఇంకా మనుషులు కావాలంటున్నారు. కుట్టుపని వచ్చినవాళ్ళైతే చెయ్యి తొందరగా ఆడుతుందట."

మా ఆయన ఆకాశం వైపు చూశాడు. పాత గొడుగులు బాగుచేస్తూ వీధులు తిరగడం ఆయన మానలేదు, ఇకమీద మానేట్టూ లేడు. దాంతో ఇల్లు గడవదు.

"నేను వస్తా" అన్నాను.

వెళ్ళి చూస్తే కత్తెర పిన్ని అప్పటికే అక్కడ ఉంది. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది, షెడ్డులో నిలబడినట్టే. "కూర్చో పిన్నీ" అన్నాను. "ఇక్కడ నేనూ నీలాగే." ఇద్దరం బల్లకు అటూ ఇటూ కూర్చుని పిడులు బిగించాం. పని తేలిక. అదే కష్టం. చేతులు వాటంతటవే ఆడుతుంటే మనసు ఎక్కడెక్కడికో పోయి వస్తుంది. ఆ గొడుగుల కుట్టు వంకరగా ఉండేది. మా దగ్గర కుట్టి ఉంటే విప్పించేదాన్ని. విప్పించడం ఇక్కడ నా పని కాదు.

వానలు వెనకపట్టాక ఫ్యాక్టరీకి మంత్రి వచ్చాడు. తెరిచి ఇన్నాళ్ళయినా ప్రారంభోత్సవం అప్పుడే. పెట్టెల మీద బయటి భాష రాతలున్నవైపు గోడకు తిప్పి పెట్టించారు. మాకు కొత్త టోపీలు ఇచ్చారు. అందరికంటే పాత కార్మికుడని బావగారిని ముందు వరసలో నిలబెట్టారు. కెమెరాలు చుట్టూ మూగాయి. మంత్రి ఒక గొడుగు అందుకుని, తెరిచి, బావగారి చేతికి ఇచ్చాడు.

"పెద్దాయనా, ఈ గొడుగు ఎక్కడ తయారైందో మీ నోటితో మీరే చెప్పండి. దేశమంతా వింటుంది."

యజమాని ముందే నేర్పించిన మాట ఉంది. బావగారు గొడుగు తిప్పి లోపలికి చూశారు. బొటనవేలితో ఒక ఊచను నొక్కారు. అది వంగి అలాగే ఉండిపోయింది.

"పిడి ఇక్కడ బిగించాం సార్" అన్నారు. "మిగతాదంతా బయటి నుంచే వచ్చింది."

గొంతు పెంచలేదు. ఎవరో దారి అడిగితే చెప్పినట్టు చెప్పారు. యజమాని పెద్దగా నవ్వి, "మా పెద్దాయనకి వేళాకోళం ఎక్కువ" అన్నాడు. మంత్రి నవ్వాడు. అందరూ నవ్వారు. మంత్రి గొడుగు తీసుకుని తల మీద పట్టుకుంటే ఫొటోలు తీశారు.

సాయంత్రం ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. మంత్రి కనిపించాడు. తెరిచిన గొడుగు కనిపించింది. బావగారు కనిపించారు. ఆయన నోరు కదులుతోంది. మాట వినిపించలేదు, దాని మీద సంగీతం వేశారు. "బాగా పడ్డారు" అంది అక్కయ్య. మా ఆయన అన్నగారి పక్కకు జరిగి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్న బావగారూ నేనూ ఎప్పటిలాగే కలిసి వెళ్ళాం. గేటు దగ్గర కాపలావాడు ఆయన ముందు చెయ్యి అడ్డం పెట్టాడు. పాపం, అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"మీరొద్దన్నారండీ. ఆవిణ్ణి పంపమన్నారు."

నేను ఆగిపోయాను. బావగారు టోపీ తీసి అతని చేతిలో పెట్టారు. తను మోసుకొచ్చిన నా అన్నం గిన్నె నాకు ఇచ్చారు.

"వెళ్ళమ్మా" అన్నారు. "ఆలస్యమైతే సగం రోజు కూలి కోస్తారు."

"నేనూ వచ్చేస్తా బావగారూ."

"వచ్చేసి?" అన్నారు.

వెనక వస్తున్నవాళ్ళు మమ్మల్ని తప్పించుకుని లోపలికి పోతున్నారు. వాళ్ళలో కత్తెర పిన్ని కూడా ఉంది. తల వంచుకుని వెళ్ళిపోయింది.

నేనూ లోపలికి వెళ్ళాను. నా బల్ల వైపు వెళ్తుంటే సూపర్‌వైజరు పిలిచి, కిటికీ పక్కన ఖాళీగా ఉన్న బావగారి కుర్చీ చూపించాడు. వెలుతురు బాగుంటుంది, అక్కడ కూర్చోమన్నాడు. కూర్చున్నాను. కిటికీలోంచి గేటు, గేటు అవతల రైలు పట్టాలు కనిపిస్తాయి. బావగారు పట్టాలు దాటి, ఎటు వెళ్ళాలో తెలియనట్టు కాసేపు ఆగి, ఇంటివైపు కాకుండా రెండోవైపు నడిచారు. మొదటి పెట్టె వచ్చి నా ముందు పడింది. తెరిచాను.